మలికా ఖబర్

ముఖ్తార్‌కు బహ్రెయిన్‌లో ఇంకా ఇరవై మూడు రోజులే మిగిలాయి. అరవై రెండేళ్ళ డ్రైవర్‌కు వీసా పొడిగించేది లేదని, ఆ వీసా చేతిలో ఉన్న యజమాని, కఫీల్, తేల్చి చెప్పేశాడు.

"ఖలాస్, ముఖ్తార్. ముప్ఫై ఏడేళ్ళు చేశావు. ఇంక పోయి పడుకో."

టికెట్టు తానే కొంటానన్నాడు. పాస్‌పోర్టు మాత్రం ఎయిర్‌పోర్టులోనే చేతికిస్తానన్నాడు, ఈలోగా ఎటూ జారుకోకుండా.

పోవడానికి ముఖ్తార్‌కు భయం లేదు. మెట్‌పల్లి దగ్గరి ఊళ్ళో తన కోసం ఎదురుచూసేవాళ్ళు లేరు. అదీ అతనికి పట్టలేదు. అతన్ని లోపల్నుంచి తినేస్తున్నది ఒకటే. మలికా ఖబర్ ఎక్కడుందో తనకు తప్ప భూమ్మీద ఇంకెవరికీ తెలీదు.

మనామా ఖబ్రస్తాన్‌లో మలికాను పూడ్చి మూడేళ్ళు. అక్కడ పేర్లు రాయరు. తలవైపు ఒక రాయి పాతుతారు, అంతే. మట్టి కుంగిపోయాక ఏ రాయి ఎవరిదో చెప్పడం పూడ్చినవాడికీ కష్టమే. ముఖ్తార్ గుర్తు వేరు. పడమటి గోడకు నీళ్ళ కుళాయి ఉంది. దానికి వీపు ఆనించి నిలబడి, తిన్నగా పంతొమ్మిది అడుగులు వేయాలి. అక్కణ్ణుంచి కుడివైపు నాలుగో రాయి. ప్రతి శుక్రవారం అలా నడుస్తాడు. తను విమానమెక్కిన రోజున ఆ పంతొమ్మిది అడుగులూ తనతోనే పోతాయి.

ఆ మట్టి దగ్గర నిలబడి ఆమె కోసం ఫాతిహా ప్రార్థన చదవాల్సినవాడు మాత్రం ఒకడున్నాడు. మలికా కన్నకొడుకు. పోయిన నవంబరులో పార్లమెంటుకు గెలిచాడు. పేరు మాజిద్ జుమా. ఆ పేరులో ముఖ్తార్ లేడు.

తప్పు ముఖ్తార్‌దే. అతను దాన్ని ఇంకొకరి మీదికి నెట్టడు.

డెబ్భై మూడులో అతను కలప వ్యాపారి జుమా దగ్గర లారీ నడిపేవాడు. అతని భార్య మలికా మూడు నెలల వీసా కాగితం మీద ఓడలో వచ్చి, ఆ ఇంట్లోనే వంటకు కుదిరి, కాగితం గడువు దాటిపోయినా ఉండిపోయింది. జుమా భార్య లతీఫాకు నాలుగు కడుపులు పోయాయి. ఐదోది నిలవదని మంత్రసాని చెప్పేసింది. అలాంటి ఇంట్లో మలికాకు నొప్పులొచ్చాయి. రెండు రోజులైనా బిడ్డ బయటికి రాలేదు. ఆస్పత్రికి తీసుకెళ్తే పేరు అడుగుతారు. పేరు చెబితే కాగితం అడుగుతారు. కాగితం లేకపోతే తల్లినీ బిడ్డనూ పచ్చి ఒంటితోనే ఓడెక్కిస్తారు.

"లతీఫా పేరు చెప్పు," అన్నాడు జుమా కారులో. "బుర్ఖాలో ఎవరైనా ఒకటే."

ఆస్పత్రి కిటికీ దగ్గర నిలబడి ముఖ్తార్ తన నోటితో తనే చెప్పాడు. పేషెంటు పేరు లతీఫా. భర్త పేరు జుమా. నువ్వెవరివి అని అడిగితే, వాళ్ళ డ్రైవర్ని అన్నాడు. అబద్ధంలో అదొక్కటే నిజం.

ముప్పావుగంటకు పిల్లవాడు పుట్టాడు. మలికా సోహెల్ అని పిలుచుకుంది. రిజిస్టరులో మాజిద్ అని ఎక్కింది.

ఆరు నెలల తర్వాత తల్లీబిడ్డలను ఊరికి పంపుదామని ముఖ్తార్ కాగితాల కోసం తిరిగాడు. బిడ్డ పుట్టిన కాగితం తెమ్మన్నారు. ఆ కాగితంలో బిడ్డ జుమా కొడుకు. జుమా అతన్ని కూచోబెట్టి నెమ్మదిగానే మాట్లాడాడు. "వీడు ఇక్కడుంటే మనిషవుతాడు. నీతో వస్తే మీ నాయనలాగా దూది ఏకుతాడు. ఏం చేద్దామంటావు?" ముఖ్తార్ ఖురాన్ మీద చెయ్యి పెట్టాడు. జుమా, లతీఫా బతికున్నంత కాలం ఈ మాట బయటపెట్టనని ప్రమాణం చేశాడు. మలికాను ఎవరూ అడగలేదు. అతను కూడా అడగలేదు.

ఊరందరికీ మలికా పాలిచ్చే మనిషి. అరబ్బుల్లో పాలిచ్చిన మనిషిని కూడా తల్లి కిందే లెక్కపెడతారు. ఆ లెక్కలోనే మలికా పదేళ్ళు బతికింది. వంటింట్లో పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని తన తెలుగులోనే కబుర్లు చెప్పింది. వాడూ అలాగే బదులిచ్చేవాడు. పదో ఏట ఒక పండగ రోజున, ఇంటినిండా చుట్టాలుండగా, వాడు కాలు జారి పడ్డాడు. పక్కనే లతీఫా ఉంది. వాడు మాత్రం వంటింటి వైపు తిరిగి "అమ్మా" అని ఏడ్చాడు. మర్నాడు మలికాకు ఆ ఇంట్లో పని లేదు.

అప్పుడే ఇద్దరూ మనామా పక్కన జింజ్‌లో ఒక గది తీసుకున్నారు. ముఖ్తార్ ఉద్యోగం మాత్రం ఉంది. డ్రైవర్‌ను ఎవరూ అమ్మా అని పిలవరు.

ఆ తర్వాత కొడుకు ఎదుగుదలను అతను బండి అద్దంలోనే చూశాడు. బడికి దింపింది అతనే. ఖురాన్ చదివే పోటీలో కప్పు గెలిస్తే ఇంటికి తెచ్చింది అతనే. లా చదవడానికి కైరో వెళ్తుంటే ఎయిర్‌పోర్టుకు పెట్టెలు మోసింది అతనే. తిరిగొచ్చాక మాజిద్ ఒక ధర్మసంస్థకు కార్యదర్శి అయ్యాడు. రంజాన్‌లో బియ్యం మూటలు పంచేవాడు. మూటలు బండిలో వేసింది అతనే. రెండువేల రెండులో మునిసిపల్ ఎన్నికలొచ్చాయి. మాజిద్ డ్రైనేజీ గురించి, వీధి లైట్ల గురించి మాట్లాడి గెలిచాడు. మడత కుర్చీలు, నీళ్ళ సీసాలు, పోస్టర్లు అన్నీ ముఖ్తార్ బండిలోనే తిరిగాయి. దీపస్తంభానికో మాజిద్. ఆ నుదురు మలికాది. ఆమె కూరగాయల వంకతో వీధి చివరిదాకా వెళ్ళి చూసి వచ్చేది.

జుమా తొంభై తొమ్మిదిలో పోయాడు. లతీఫా రెండువేల మూడులో పోయింది. ప్రమాణం తీరిపోయింది.

"ఇగ చెప్పు," అంది మలికా.

"ఇప్పుడా? ఇప్పుడిప్పుడే పైకొస్తున్నడు. పార్లమెంటుకు నిలబడ్తడంటున్నరు. గెలువనీ."

"గెలిచినంక ఇంకోటుంటది."

"జర ఓపిక పట్టవే."

మరుసటి ఏడాది ఆమెకు మూత్రపిండాలు చెడిపోయాయి. ఆఖరి వారంలో ఆమె తిట్టలేదు, ఏడవలేదు. చచ్చినవాళ్ళకు కన్నబిడ్డ చదివే దువా చేరుతుందని ఆమె నమ్మకం. "నా కొడుకు ఎవరి పేరు మీదనో చదువుతుండు. ఒక్కపారి నా మట్టికాడికి తీస్కరా. అంతే," అంది. మరీ అంత తక్కువ అడిగింది. ముఖ్తార్ ఆ తక్కువ కూడా మూడేళ్ళు వాయిదా వేశాడు.

పోయిన ఏడాది పార్లమెంటు ఎన్నికల్లో మాజిద్ ఒకే మాట మీద గెలిచాడు. కుటుంబాలుండే వాడల్లో ఒంటరి కూలీలు ఉండకూడదు. మన ఆడపిల్లలు వాకిట్లోకి రాలేకపోతున్నారు. బ్యాచిలర్లను ఊరి బయటి క్యాంపులకు పంపాలి. జనం చప్పట్లు కొట్టారు. ముఖ్తార్ నీళ్ళ సీసాలు అందిస్తూ విన్నాడు. అరబ్బీ అతనికి బాగానే వచ్చు.

చట్టం ఇంకా రాలేదు. ఇల్లుగలాయన చట్టం కోసం ఆగలేదు.

"ఈ నెలాఖరుకు ఖాళీ చెయ్యి, ముఖ్తార్. బ్యాచిలర్లను పెట్టుకుంటే పక్కవాళ్ళు ఊరుకోవడం లేదు."

"నేను బ్యాచిలర్ని కాదు. భార్యతో ఇరవై ఏళ్ళు ఈ గదిలోనే ఉన్నాను. మీకు తెలుసు."

"ఇప్పుడుందా?"

"చనిపోయింది."

"మరి బ్యాచిలర్వే కదా."

ముఖ్తార్ గదిలో అద్దె పంచుకునే అమలాపురం వెల్డర్ అచ్చిబాబు ముందే సిత్రా క్యాంపుకు మారిపోయాడు. అతని కంపెనీ అక్కడే చమురు ట్యాంకుల పని చేస్తుంది. పోతూ పోతూ, "నీకు అరవై దాటినా పడుచోడి కిందే లెక్కేశారు బాబాయ్. పెళ్ళిచూపులకెళ్దామా?" అన్నాడు. ముఖ్తార్ నవ్వలేదు. అచ్చిబాబు వంట గిన్నెలు అతనికే వదిలేసి వెళ్ళాడు.

కఫీల్ ఖలాస్ అన్నది ఆ వారంలోనే. ఇల్లూ పోయింది, దేశమూ పోతోంది. ఇంక వాయిదా వేయడానికి ముఖ్తార్ దగ్గర రోజులు లేవు.

సోమవారం సాయంత్రాలు మాజిద్ మజ్లిస్ పెడతాడు. ఎవరైనా రావచ్చు. గోడల వెంబడి పరుపుల మీద కూచుంటారు. చిన్న కప్పుల్లో కాఫీ తాగి, చాలనుకుంటే కప్పు ఆడించి ఇచ్చేస్తారు. తమ అర్జీ కాగితం ట్రేలో పెడతారు. కాగితం లేకుండా వెళ్తే ఊరికే కాఫీకి వచ్చినట్టే. అందుకని ముఖ్తార్ టైపింగ్ దుకాణానికి వెళ్ళాడు. అక్కడ రాజమండ్రి సోమేశ్వరరావు ముప్ఫై ఏళ్ళుగా పరాయివాళ్ళ కష్టాలను అరబ్బీలో టైపు చేస్తున్నాడు.

"ఏం కావాలని రాయమంటారండీ?"

"ఒక ఖబర్ చూడనీకి రమ్మని."

సోమేశ్వరరావు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "సమాధి చూడ్డానికి ఎంపీకి అర్జీ ఏంటండీ బాబూ. వీసా అడగండి. ఆయన తల్చుకుంటే రెండేళ్ళు ఇప్పిస్తాడు."

"వీసా వద్దు. ఆయనకు పాలిచ్చినామె ఖబర్ అది. నేను పోయేలోపల చూపెట్టాలె."

"పాలిచ్చినావిడ మీకేమవుద్దండీ?"

"నా భార్య."

సోమేశ్వరరావు టైపు చేయడం మొదలెట్టాడు. సగంలో ఆగి ముఖ్తార్ ముఖం వైపు చూశాడు, గోడ మీద మాజిద్ ఫోటో ఉన్న ఎన్నికల క్యాలెండర్ వైపు చూశాడు, మళ్ళీ ముఖ్తార్ వైపు చూశాడు. మిగతా సగం టైపు చేశాడు. కాగితం చేతికిస్తూ, "దీనికి నేను డబ్బులు తీసుకోనండి," అన్నాడు.

మజ్లిస్‌లో ముఖ్తార్ చెప్పులు విడిచే చోటికి దగ్గరగా కూచున్నాడు. మాజిద్ అతన్ని చూసి సగం లేచాడు. ఇంటి పాత డ్రైవర్ కనక ఆ మర్యాద ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. ట్రేలోంచి కాగితాలు ఒక్కొక్కటే తీసి చదువుతూ వచ్చి, ముఖ్తార్ కాగితం దగ్గర ఆగాడు. చదివాడు. మడిచాడు. మిగతావాటితో కలపకుండా జేబులో పెట్టుకున్నాడు.

"ముఖ్తార్ భాయ్, శుక్రవారం వస్తాను," అన్నాడు హిందీలో. "నమాజు తర్వాత."

శుక్రవారం ముఖ్తార్ కుళాయి దగ్గర నిలబడ్డాడు. జూన్ ఎండ. గోడ నీడ కాళ్ళ కింద అరచేతి మందాన ఉంది. రెండయింది, మూడయింది. ఎవరినో పూడ్చడానికి తెచ్చారు, పూడ్చారు, వెళ్ళిపోయారు. వాళ్ళు కొత్త రాయి పాతిన చోటు మలికా ఉన్న వరుసకు పక్కనే. ఇంకో నాలుగు రాళ్ళు వస్తే తన లెక్క కూడా తప్పుతుందేమో అనిపించింది. సాయంత్రపు అసర్ నమాజు బాంగు దాకా ఉన్నాడు. మాజిద్ రాలేదు.

తర్వాతి శుక్రవారమూ రాలేదు. పార్లమెంటు పని మీద రియాద్ వెళ్ళాడని సెక్రటరీ చెప్పాడు. ముఖ్తార్ నమ్మలేదు. మాజిద్ తప్పించుకునేటప్పుడు చెవి వెనక గోక్కుంటాడు, ఇంకొకరితో చెప్పిస్తాడు. ఏడేళ్ళ వయసు నుంచీ అంతే.

మిగిలింది తొమ్మిది రోజులు.

వారం మధ్యలో అతను మాజిద్ ఇంటి ముందు ఎండలో కాపు కాశాడు. కారు గేటులోంచి బయటికి రాగానే వెనక తలుపు తెరిచి, లోపల కూచున్నాడు. ముప్ఫై ఏళ్ళలో అతను ఆ ఇంటి కారు వెనక సీట్లో కూచోవడం అదే మొదలు. కారు నడుపుతున్నది మాజిదే. అద్దంలో ముఖ్తార్ కళ్ళను చూశాడు.

"దిగు, ముఖ్తార్ భాయ్."

"దిగను. రెండు శుక్రవారాలు నిలబెట్టావు. ఆమె నీకు పాలిచ్చింది. పాలతల్లి మట్టి దగ్గరికి పోతే నిన్ను ఎవరేమంటారు?"

మాజిద్ కారు పక్కకు తీసి ఆపాడు.

"పాలతల్లి అని చెప్పి తప్పించుకునేవాణ్ణయితే ఎప్పుడో వచ్చేవాణ్ణి," అన్నాడు. "లతీఫా ఉమ్మీ పోయే ముందు రోజు నాకు అంతా చెప్పింది."

ముఖ్తార్ లెక్కపెట్టాడు. నాలుగేళ్ళు. మలికా ఇంకా బతికే ఉంది అప్పటికి. ఏడాది పైనే బతికి ఉంది.

"తెలిసి కూడా రాలేదు నువ్వు. ఆమె ఇక్కడే, జింజ్‌లో మంచం పట్టి ఉంది."

"మీరూ పిలవలేదు."

మాజిద్ అద్దంలోంచి చూపు తిప్పుకున్నాడు.

"చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్తాను విను. పెంచినంత మాత్రాన వారసుడు కాడు. అది మన ధర్మమే, నీకూ తెలుసు. నేను జుమా కొడుకుని కాకపోతే ఆ ఇల్లు, ఆ భూములు ఆయన తమ్ముడి కొడుకువి. నీ కఫీల్‌వి. ఎనిమిదేళ్ళుగా నేను తింటున్నది అతని అన్నం. నా పాస్‌పోర్టు అబద్ధం. అబద్ధపు పాస్‌పోర్టుతో గెలిచిన సీటు అబద్ధం. నేను పెళ్ళాడిన పిల్ల తండ్రి నా వంశం చూసి ఇచ్చాడు. నా పిల్లలు స్కూల్లో ఏ పేరు రాసుకోవాలి? ఒక్క రాయి దగ్గర నిలబడితే ఇవన్నీ కదులుతాయి."

"వీటిలో ఏ ఒక్కటీ ఆమె అడగలేదు. ఫాతిహా అడిగింది."

"ఇంట్లో చదువుకుంటున్నాను."

"ఎవరి పేరు మీద?"

మాజిద్ చెవి వెనక గోక్కున్నాడు.

అప్పుడు ముఖ్తార్ చేయకూడనిది చేశాడు. "ఈ శుక్రవారం అసర్‌కు రాకపోతే నీ చిన్నాయన కొడుక్కు చెప్తాను. నాకు పోయేదేం లేదు. వీసా కూడా ఇస్తాడు."

కారు దిగి తలుపు వేశాడు. కన్న కొడుకును బెదిరించి రమ్మన్న తండ్రి ఈ దేశంలో ఇంకొకడు ఉండడనుకున్నాడు. పశ్చాత్తాపపడలేదు. మలికా కోసం అతను ఇన్నేళ్ళలో చేసిన మొదటి పని అదే.

శుక్రవారం మాజిద్ వచ్చాడు.

ఒక్కడే వచ్చాడు. తలగుడ్డ లేదు, ఒట్టి తెల్ల టోపీ పెట్టుకున్నాడు. గేటు దాటి నాలుగు అడుగులు వేసి ఆగిపోయాడు. ముఖ్తార్ కుళాయి దగ్గర్నుంచి చెయ్యి ఊపాడు. రాలేదు. ముఖ్తారే అతని దగ్గరికి నడిచాడు.

"రా. కుళాయి దగ్గర్నుంచి లెక్క. నేను నడుస్తాను, నా వెనకే రా."

"నువ్వు బెదిరించావని రాలేదు," అన్నాడు మాజిద్ హిందీలోనే. "కావాలంటే చెప్పుకో. వాడు వింటే నాకూ ఒక బరువు తగ్గుతుంది. పిరికివాణ్ణి కనక నేనుగా చెప్పలేను. నువ్వు చెబితే అడ్డుపడను."

ఆ తర్వాత చేతులెత్తి అక్కడే చదవడం మొదలుపెట్టాడు. ఇక్కడ పడుకున్న వాళ్ళందరికీ అని చదివాడు. మగవాళ్ళకు, ఆడవాళ్ళకు, ముందు పోయినవాళ్ళకు, వెనక రాబోయేవాళ్ళకు. గొంతు బాగుంది. చిన్నప్పుడు కప్పు గెలిచిన గొంతే. చదివి చేతులు ముఖానికి రాసుకుని వెనక్కి తిరిగాడు.

ముఖ్తార్ అతని మణికట్టు పట్టుకున్నాడు.

"అందరికీ చదివితే అయిపోతుందా? ఏ రాయి అని కూడా చూడవా?"

"నాకు సూపెట్టకు."

ముఖ్తార్ చెయ్యి బిగుసుకుపోయింది. అది తెలుగు. ఇరవై నాలుగేళ్ళుగా ఆ నోట వినని తెలుగు. మీసాలున్న మనిషి, పార్లమెంటులో మైకు ముందు నిలబడే మనిషి, పదేళ్ళ పిల్లవాడి మాటతో మాట్లాడుతున్నాడు. ఎక్కడ ఆగిపోయిందో ఆ భాష అక్కడే ఉంది.

"సూపెడితే నేను మల్ల వస్త. నాకు ఎరుక. మల్ల మల్ల వస్త. వస్తే ఎవరో ఒకరు సూస్తరు. ఇది ఎవరిది అంటరు. ఆడ నిలబడి నేను అబద్ధం సెప్ప. ఆమె ఇంటది."

"వినదు రా. చచ్చిపోయింది."

"ఇంటది."

ముఖ్తార్ అతన్ని లాగాడు. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగాడు. మాజిద్ చెయ్యి విదిలించుకోలేదు. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకున్నాడు. వాడు చేదు మందు తాగేటప్పుడు అలా మూసుకునేవాడని మలికా చెప్పేది. రెండు అడుగులు వచ్చాడు, మూడు అడుగులు వచ్చాడు, నాలుగో అడుగుకు కాలు ఒక రాయికి తగిలి తూలాడు. చుట్టూ ఖబర్లు. కళ్ళు మూసుకున్నవాణ్ణి వాటి మధ్య లాక్కుపోతే ఎవరి గుండెల మీద కాలు వేస్తాడో తెలీదు. ఖబర్ తొక్కకూడదు. ముఖ్తార్ ఎన్ని తప్పులైనా చేశాడు కానీ ఆ తప్పు చేయలేకపోయాడు.

చెయ్యి వదిలేశాడు.

మాజిద్ వెనక్కి తిరిగాకే కళ్ళు తెరిచాడు. గేటు వైపే చూస్తూ, "ఆదివారం కదా విమానం. నీకేమన్నా కావాల్నా?" అన్నాడు.

"కావాల్సింది అడిగిన."

కారు వెళ్ళిపోయింది. ముఖ్తార్ కుళాయి విప్పి ముఖం కడుక్కున్నాడు. పంతొమ్మిది అడుగులూ వేశాడు. నాలుగో రాయి దగ్గర కూచున్నాడు. మలికాకు చెప్పడానికి ఏమీ దొరకలేదు. వచ్చాడని చెబితే అబద్ధం, రాలేదని చెబితే అబద్ధం.

శనివారం పొద్దున్నే కలప దుకాణానికి వెళ్ళాడు. కఫీల్ ఫోన్లో ఎవరితోనో టేకు ధర మాట్లాడుతున్నాడు. ముఖ్తార్ బల్ల ముందు నిలబడ్డాడు. ఒక్క వాక్యం. అరబ్బీలో ఆరు మాటలు. రాత్రంతా వాటిని వరసలో పెట్టుకున్నాడు.

ఫోన్ పెట్టేసి కఫీల్ తలెత్తాడు. "ఏంటి?"

చెబితే రేపు కోర్టు. కోర్టులో ముందు అడిగేది తల్లి పేరు. మలికా పేరు ఈ దేశంలో ఏ కాగితం మీదా లేదు. ఆస్పత్రిలో లేదు, బిడ్డ పుట్టిన కాగితంలో లేదు, రాయి మీద లేదు. మొట్టమొదటిసారి ఎక్కితే దొంగగా ఎక్కుతుంది. దొంగపేరుతో కని, దొంగబిడ్డను పెద్దింట్లో పెట్టిన మనిషిగా. కొడుకు మీద జాలితో కాదు, ముఖ్తార్‌కు వాడి మీద ఆ పూట జాలి లేదు. అయినా నోరు రాలేదు.

"సలాం చెప్పి పోదామని వచ్చాను," అన్నాడు.

"మంచిది. రేపు పదకొండుకు మనిషిని పంపుతాను. యల్లా, ఇంక వెళ్ళు."

దుకాణం మెట్లు దిగుతుంటే అతనికి ఒక సంగతి తేటగా తెలిసింది. ఆ రాయి ఎవరిదో తెలిసినవాడొకడు ఈ నేల మీద ఉండి తీరాలి. కొడుకు తన వల్ల కాదన్నాడు. ఇంక ఉన్నది తను.

ఆదివారం తొమ్మిదింటికి గదికి తాళం వేసి, తాళంచెవి ఇల్లుగలాయన కిటికీలో పెట్టాడు. రెండు జతల బట్టలు, దుప్పటి, మలికా జపమాల. పెద్దపెట్టె గదిలోనే వదిలేశాడు. పాస్‌పోర్టు కఫీల్ మనిషి జేబులో ఎయిర్‌పోర్టుకు వెళ్తుంది. వెళ్ళనీ. సందు చివర సిత్రా వైపు పోయే పికప్ ఆపి ఎక్కాడు.

క్యాంపులో అచ్చిబాబుకు ఆ రోజు డ్యూటీ లేదు. రేకుల గది ముందు బట్టలు ఆరేస్తున్నాడు. ముఖ్తార్‌ను, చేతిలో మూటను చూసి క్లిప్పు నోట్లోంచి తీశాడు.

"ఇవాళే కదా బాబాయ్ నీ విమానం?"

"పోలే."

"పోలేదంటే? పాస్‌పోర్టేదీ?"

"నా దగ్గర లేదు."

అచ్చిబాబు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మతి గానీ పోయిందా నీకు? రేపటికల్లా పారిపోయాడని కాగితం పెడతాడు నీ కఫీల్. మొన్ననే పక్క క్యాంపులో పదకొండు మందిని ఎత్తుకుపోయారు. ఆ ఎంపీ గొడవ మొదలెట్టిన కాణ్ణించీ చెకింగులు ఎక్కువైపోయాయి. నీ వయసుకి జైల్లో నెల కూడా బతకవు."

"ఎరికే."

"ఎరికైతే మరెందుకు? పని కూడా దొరకదు నీకు. ఏం తింటావు?"

ముఖ్తార్ మూట కింద పెట్టి గోడ నీడకు చేరాడు. దూరంగా ట్యాంకుల మీద ఎండ కళ్ళల్లో కొడుతోంది. పన్నెండు కావస్తోంది. కఫీల్ మనిషి ఇప్పటికి తలుపు కొట్టి కొట్టి వెళ్ళిపోయి ఉంటాడు.

"మనామాకు ఇక్కడికెల్లి బస్సున్నదారా?"

"ఉంది. ఎందుకూ?"

"శుక్రవారం పోవాలె."

"శుక్రవారం పోతావు, వస్తావు. తర్వాత?"

"మల్ల శుక్రవారం పోవాలె."

అచ్చిబాబు అతని వంక చూస్తూ నిలబడ్డాడు. లోపలికి వెళ్ళి, రెండు మంచాల మధ్య పేర్చిన సామాను సంచులను కాలితో గోడ వైపు జరిపాడు. మనిషి పడుకునేంత చోటు వచ్చింది.